నాయిన వంతు

ఎదురు ఫ్లాటులో ఉండే రేణుక నా మీద జాలిపడి నా ఫోనులో లూడో ఆట ఎక్కించింది. "టైంపాస్ అయితది టీచరక్కా, ఎంతసేపని గోడలు జూసుకుంట కూసుంటరు" అంది. నేను గోడలు చూస్తూ కూర్చుంటానని ఆమెకు ఎవరు చెప్పారో గాని, అబద్ధమైతే కాదు. ఉద్యోగం అయిపోయింది, అమ్మ పోయింది, అశోక్ చౌక్ దగ్గర ఈ రెండో అంతస్తు ఇంట్లో పొద్దున లేచి చేయాల్సిన పనంటూ పెద్దగా ఏమీ మిగల్లేదు. ఆట మొదలుపెట్టగానే ఎక్కడినుంచో ముగ్గురు ఆటగాళ్లు వచ్చి కూర్చుంటారు. ఒకరికి పులి బొమ్మ, ఒకరికి గులాబీ పువ్వు, మూడోవారికి ముఖమే ఉండదు. పాచిక వేయడానికి కాస్త గడువిస్తారు. కళ్లద్దాలు వెతుక్కునేసరికో, పాలు పొంగకుండా చూసి వచ్చేసరికో ఆ గడువు దాటిపోతుంది. దాటితే ఆట ఆగదు, నా వంతు ఆ ఫోనే ఆడేస్తుంది. తిరిగొచ్చి చూస్తే నా కాయలు నేను పెట్టిన చోట ఉండవు. మొదటిసారి అలా జరిగినప్పుడు ఫోను బల్లమీద బోర్లా పెట్టేశాను. ఇంట్లో లేని మనిషి వంతును ఇంకొకరు ఆడటం నాకు కొత్త కాదు. నా చిన్నప్పుడు మా ఇంట్లో కొన్ని నెలలపాటు జరిగింది అదే.

ఇదే ఊళ్లో దాజీ పేట్‌లో సాంచాల కార్ఖానా వెనక వరసగా కట్టిన గదుల్లో ఒకటి మాది. సాంచా అంటే మరమగ్గం. గోడకు అవతల అవి ఆడుతుంటే ఇవతల అరలో మా గిన్నెలు వాటంతట అవే కదిలేవి. ఆ గల్లీలో పెరిగినవాళ్లం అందుకే ఇప్పటికీ గట్టిగా మాట్లాడతాం. బడిలో తోటి టీచర్లు నేను ఎప్పుడూ కోపంగా ఉంటాననుకునేవారు. నిజంగానే కోపంగా ఉన్న రోజులు కూడా ఉన్నాయి, అది వేరే సంగతి. తాతల కాలంలో తెలంగాణ నుంచి ఈ మరాఠీ ఊరికి బతకడానికి వచ్చినవాళ్ల ఇళ్లే చుట్టూ. గల్లీలో తెలుగు, కిరాణా కొట్టులో మరాఠీ, తగాదా వస్తే రెండూ కలిపి. అమ్మ గడప పక్కన వెలుతురు పడే చోట చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టేది. తడిగుడ్డలో ఉంచిన తునికాకు పచ్చి వాసన, తంబాకు ఘాటు, పెనం మీద జొన్నరొట్టె కాలే వాసన, ఈ మూడూ కలిసి ఉంటేనే అది ఇల్లని నాకు లెక్క. ఇప్పటికీ దారిలో ఎక్కడైనా తంబాకు వాసన తగిలితే అందరూ ముక్కు మూసుకుంటారు. నేను ఆగి మరీ పీల్చుకుంటాను.

నాయిన కుంఠా నాకా దగ్గర తువ్వాళ్లు నేసే కార్ఖానాలో రాత్రి పాళీ చేసేవాడు. మేం షిఫ్టును పాళీ అనేవాళ్లం. పొద్దున నేను బడికి వెళ్లాక ఆయన ఇల్లు చేరేవాడు, ఇంత తిని పడుకునేవాడు. ఒక్క గదిలో పిల్ల తిరుగుతుంటే రాత్రంతా నిలబడి వచ్చిన మనిషికి నిద్ర ఎలా పడుతుంది? అందుకని నేను బడి నుంచి నేరుగా మేనత్త ఇంటికి పోయి, అక్కడే తిని, ఆమె పక్కన కూర్చుని బీడీల ఆకు కత్తిరించి, దీపాలు పెట్టే వేళకు మా గది చేరేదాన్ని. అప్పటికే నాయిన అన్నం డబ్బా పట్టుకుని వెళ్లిపోయి ఉండేవాడు. పగలు ఆయన పడుకున్న బొంత మీదనే రాత్రి నేను పడుకునేదాన్ని. దానికి సాంచాల నూనె వాసన ఉండేది. ఆదివారం మాత్రం పగలు ఇంట్లోనే ఉండి, చప్పుడు చేయకుండా గోడకు ఆనుకుని, నిద్రపోతున్న నాయినను చూసేదాన్ని. నల్లటి వేళ్లు, దూది పీచు అంటుకున్న కనుబొమలు. వారంలో ఆయన కార్ఖానాకు సుట్టి, అంటే సెలవు, ఉండే రోజున ఒక్క సాయంత్రమే ఆయన మెలకువగా నాకు దొరికేవాడు. ఆ ఒక్క సాయంత్రం కోసం మిగిలిన వారమంతా ఎదురుచూడటం ఎంత కష్టమో ఆ వయసులో ఎవరికీ చెప్పుకోలేకపోయాను. గల్లీ నిండా పిల్లలున్నా నాకు ఒంటరిగానే ఉండేది.

ఒక సుట్టి సాయంత్రం నేను అలిగాను. "అందరి నాయినలు ఆడుతరు, నువ్వు నాతోని ఎన్నడు ఆడవు" అన్నాను. అందరి నాయినలు ఆడతారన్నది పచ్చి అబద్ధం, ఆ గల్లీలో ఏ నాయినకూ ఆడే తీరిక లేదు. అయినా తరువాతి సుట్టి రోజున నాయిన ఒక చెక్కపలక చంకలో పెట్టుకుని వచ్చాడు. తువ్వాలు అంచులో పువ్వులూ గళ్లూ పడటానికి సాంచా నెత్తిన డాబీ అని ఒకటి ఉంటుంది. చిల్లులున్న చెక్కపట్టీలు అందులో గుండ్రంగా తిరుగుతుంటాయి. ఏ చిల్లులో చిన్న కర్రమేకు దిగ్గొడితే ఆ వరసకు పోగులు లేస్తాయి. ఆ మేకులను ఖుంటీలంటారు. అరిగిపోయిన ఖుంటీలను ఏరి, రెండింటిని నూలు రంగులో ముంచి ఎర్రగా, రెండింటిని పచ్చగా చేశాడు. యాదగిరి మిస్త్రీ, అంటే ఆ కార్ఖానాలో సాంచాలు బాగుచేసే మనిషి, పలకకు చిల్లులు తోడి ఇచ్చాడట. పాచికను నాయినే పోగును అటూ ఇటూ తిప్పే అరిగిన నాడె కర్రలోంచి కోసి, ఎర్రగా కాల్చిన తీగతో చుక్కలు పెట్టాడు. దాన్ని మేము ఫాసా అనేవాళ్లం. నా జీవితంలో నాకోసమే తయారైన మొదటి వస్తువు అది.

ఆట మీకు తెలిసిందే, పచ్చీసుకో లూడోకో చుట్టం. నాలుగు చేతుల కూడలి ఆకారంలో చిల్లులు, ఆ అంచు వెంబడే చుట్టు తిరగాలి, తిరిగి వచ్చి నడిమి దారిన ఇంట్లో చేరాలి. చేరితే ఖుంటీ పండినట్టు. ఆరు పడితేనే ఖుంటీ బయటికి వస్తుంది. ఆరు పడ్డవాళ్లు ఇంకోసారి వేయాలి. ఎదుటివాళ్ల ఖుంటీ ఉన్న చిల్లులోకే మనది సరిగ్గా వస్తే దాన్ని కొట్టినట్టు, అది మళ్లీ మొదటికి పోతుంది. తీగతో సున్నా కాల్చిన చిల్లుల్లో నిలబడ్డదాన్ని కొట్టకూడదు. కాగితం మీద లూడోలో ఒకే గడిలో రెండు కాయలు పెట్టుకోవచ్చు గాని, మా పలకలో చిల్లుకు ఒక్క ఖుంటీయే పడుతుంది. మన ఖుంటీయే మన దారికి అడ్డమైతే రెండోదాన్ని నడపాలి, రెండోదీ కదలకపోతే ఆ వంతు పోయినట్టే. ఇంట్లో చేరడానికి సరిగ్గా కావలసినంతే పడాలి, ఒక్కటి ఎక్కువైనా పనికిరాదు. ఇవన్నీ ఎవరైనా చెబుతారు. నాయిన వాటికి రెండు కలిపాడు. కొట్టే వీలుంటే కొట్టి తీరాలి, చూసీచూడనట్టు వేరేది నడపకూడదు. ఎదుటివాళ్లను ఒక్కసారైనా కొట్టనివాళ్ల ఖుంటీలకు ఇంట్లోకి దారి లేదు, మళ్లీ చుట్టు తిరగాల్సిందే.

"నాలుగేసి పెట్టుకుందాం నాయినా, అందరు నాలుగు పెడుతరు" అన్నాను.

"దినానికి ఒక్క వంతు బిడ్డా మనది. నాలుగు పెడితే నీ పెండ్లి దాంక నడుస్తది. రెండు బస్."

దినానికి ఒక్క వంతు. అదీ ఆయన ఉపాయం. ఖుంటీలు చిల్లుల్లో దిగి ఉంటాయి గనక పలకను ఎత్తి అరలో పెట్టినా, తలకిందులు చేసినా ఆట చెదరదు. పొద్దున ఇల్లు చేరగానే ఆయన ఫాసా వేసి, తన ఖుంటీ నడిపి, ఫాసాను పడ్డది పడ్డట్టు పలక పక్కన వదిలేస్తాడు. సాయంత్రం నేను వచ్చి అది చూసి, నా వంతు ఆడి, నా అంకె అలాగే వదిలేస్తాను. మర్నాడు పొద్దున ఆయన చూస్తాడు.

"నువ్వు దొంగాట ఆడవని నాకెట్ల తెలుస్తది?" అని అడిగాను.

"నువ్వు ఆడవని నాకెట్ల తెలుస్తది?" అన్నాడు నాయిన.

అమ్మ చాటలోంచి తల ఎత్తకుండా, "ఇద్దరు ఇద్దరే" అంది.

ఆ ఆట నా రోజులను మార్చేసింది. మేనత్త ఇంట్లో ఆకు కత్తిరిస్తున్నంతసేపూ పొద్దున నాయినకు ఎంత పడి ఉంటుందా అనే ధ్యాస. గల్లీ మలుపు నుంచి పరుగు. చెప్పులు విడవకముందే పలక దగ్గరికి. ఆయన ముట్టిన ఖుంటీ తల మీద నల్లటి సాంచాల నూనె అంటి ఉండేది. ఆ మరక చూస్తేనే ఆయన ఇంతకుముందే లేచి వెళ్లినట్టు ఉండేది. నాయిన ఆటలో జాలి లేనివాడు. మొదటి ఆటలో నా ఖుంటీ ఇంటి ముంగిట దాకా వచ్చాక కొట్టేశాడు. ఆ సాయంత్రం నేను ఏడ్చి అన్నం తినలేదు. సుట్టి రోజున అడిగితే, "కొట్టకపోతే నీతోని ఆడినట్టెట్ల అయితది? చిన్నపిల్లవని వదిలిపెడితే ఆట నేనొక్కన్నే ఆడినట్టు" అన్నాడు. రెండో ఆటలో నేను ఆయన్ని కొట్టాను. మర్నాడు అమ్మ చెప్పింది, "మీ నాయిన అది చూసి బొంత మీద కూసోని ఒక్కడే నవ్విండు" అని. ఆ మాట ఎన్నిసార్లు చెప్పించుకున్నానో. బడి సంగతులు గాని, ముద్దుమాటలు గాని మా మధ్య పెద్దగా లేవు. మేం మాట్లాడుకున్నదంతా ఆ పలక మీదనే.

మూడో ఆట కొత్తగా మొదలైంది. ఒక సుట్టి సాయంత్రం నేను వచ్చేసరికి నాయిన లేడు. "డబల్ పాళీ చేస్తుండు బిడ్డా, ఆర్డర్ జల్దీ ఇయ్యాలెనట, కార్ఖానల్నే పంటుండు. పొద్దుగాల వచ్చి ఇంత తిని పోతడు" అంది అమ్మ. ఆదివారం పగలు కూడా బొంత మడత పెట్టే ఉంది. డబల్ పాళీ మా గల్లీలో వింత కాదు, కాబట్టి నమ్మాను. పైగా పలక మీద ఆట నడుస్తూనే ఉంది. ప్రతి సాయంత్రం ఫాసా మీద కొత్త అంకె, ఎర్ర ఖుంటీ కొత్త చిల్లులో. నాయిన కనబడకపోయినా వస్తున్నాడు, పోతున్నాడు. నాకు అది చాలు అనుకున్నాను.

నాకు మొదట తేడా తోచింది నూనె వల్ల కాదు, జాలి వల్ల. ఒక సాయంత్రం ఎర్ర ఖుంటీకి సరిగ్గా మూడు చిల్లుల ముందు నా పచ్చ ఖుంటీ ఉంది. ఫాసా మీద మూడు పడి ఉంది. నాయిన అయితే కొట్టి ఉండాలి, అది ఆయన పెట్టిన నియమమే. ఆ మూడును రెండో ఖుంటీకి వాడి, నాది కొట్టకుండా వదిలేసి ఉంది. నిద్రమత్తులో చూసుకోలేదేమో అనుకున్నాను. కొన్నాళ్లకు మళ్లీ అలాగే జరిగింది. ఎర్ర ఖుంటీని తీసి చూస్తే తల శుభ్రంగా ఉంది. చిల్లు అడుగున చిటికెడు తంబాకు పొడి. ఆ రాత్రి రొట్టె తింటూ, ఏమీ ఎరగనట్టు, "ఈ నడుమ నాయిన చేతులకు నూనె అంటుతలేదా ఏంది? ఖుంటీలు సాఫ్‌గుంటున్నయి" అన్నాను. అమ్మ పల్లీల చట్నీ వడ్డిస్తూ, "కడుక్కోని వస్తుండేమో" అంది.

మర్నాడు ఎర్ర ఖుంటీ నూనెతో నిగనిగలాడుతోంది. ఆత్రంగా తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. పల్లినూనె. దాని వెనక సన్నగా పసుపు వాసన, మా తాలింపు గిన్నె వాసన. నాకు మొదట నవ్వు వచ్చింది. ఆ నవ్వు పూర్తికాకముందే భయం వేసింది. ఖుంటీ నడుపుతున్నది అమ్మ అయితే నాయిన ఇంటికి రావడం లేదు. వస్తుంటే అమ్మ ఆడాల్సిన పని లేదు. ఇది గణితం లెక్క కంటే సులభం. అయినా అడగలేదు. అడిగితే అమ్మ చెప్పేస్తుంది, చెప్పేస్తే అది నిజమైపోతుంది. నా వంతు ఆడి, ఫాసాను పడ్డట్టే వదిలేసి, పోయి పడుకున్నాను. బొంతలో సాంచాల నూనె వాసన సన్నగిల్లింది.

ఇంకొన్ని రోజులకు ఎర్ర ఖుంటీ మీద అసలైన నల్లటి నూనె కనబడింది. ఈసారి పల్లినూనె కాదు, సాంచాలదే, ఇనుప రజను కలిసినది. వచ్చాడు, నిజంగా వచ్చాడు, ఎలాగైనా చూడాలి. మర్నాడు బడికని బయలుదేరి గల్లీ చివరిదాకా పోయి వెనక్కి తిరిగాను. మా గదికి పక్క గోడలో చిన్న కిటికీ ఉండేది, దానికి అమ్మ పాత చీర ముక్క కట్టి ఉండేది. దాని సందులోంచి చూస్తూ నిలబడ్డాను. ఎండ ఎక్కింది. కార్ఖానాలో పాళీ మారి, రాత్రివాళ్లు డబ్బాలు ఊపుకుంటూ గల్లీలోకి వచ్చారు. వాళ్లలో నాయిన లేడు. ఆఖరి మనిషి కూడా తన ఇంట్లోకి పోయాక అమ్మ చాట పక్కన పెట్టి లేచింది. చేతులు కొంగుకు తుడుచుకుని పలకను దించింది. ఫాసాను నేల మీద వేయలేదు, ఒళ్లో చీర మీద వేసింది, చప్పుడు కాకుండా. అది చూసి, ఎర్ర ఖుంటీ నుంచి వేలితో ఒక్కో చిల్లు లెక్కపెట్టుకుంటూ వచ్చింది. వేలు నా పచ్చ ఖుంటీ మీదకు వచ్చి ఆగింది. చాలాసేపు అక్కడే ఉంది. తరువాత వెనక్కి తీసుకుని, రెండో ఖుంటీని నడిపింది. బీడీల దారం ఉండే రేకు డబ్బాలోంచి ఒక నల్ల గుడ్డపేలిక తీసి ఖుంటీ తలకు రుద్దింది. యాదగిరి మిస్త్రీని అడిగి తెచ్చుకున్న పేలిక అయి ఉంటుంది.

అంతా అయ్యాక అమ్మ లేవలేదు. పలక ముందు అలాగే కూర్చుని, తలుపు వైపు చూస్తూ, "నీ పని నాతోని చేపిస్తున్నవు. నాకు చేతనైతలేదయ్యా, జల్దీ రా" అంది. మామూలు గొంతుతోనే అంది, ఎదురుగా మనిషి ఉన్నట్టే. నేను కిటికీ కింద గోడకు ఆనుకుని కూర్చుండిపోయాను. మోసం చేసిందని కోపం రావాలి, రాలేదు. నాయిన లేడన్న దుఃఖం కూడా అప్పటికి ఒక పక్కకు తప్పుకుంది. అమ్మ ఒక్కతే ఉంటుందని నాకు అంతవరకూ తట్టలేదు. నేను బడికి, అత్త ఇంటికి పోతే, నాయిన పాళీ చేసి వచ్చి పడుకుంటే, ఆ గదిలో పొద్దంతా చాట ముందు మెలకువగా ఉండేది ఆమె ఒక్కతే. మా ఇద్దరి ఆటకూ మధ్యవర్తిగా ఉండి, ఆయన నవ్వాడని నాకు, నేను ఏడ్చానని ఆయనకు చెప్పేది. ఆమెను ఆడమని మేమిద్దరం ఒక్కరోజు కూడా పిలవలేదు.

ఆ తరువాత మా ఆట విచిత్రంగా తయారైంది. అమ్మ కొట్టదు. నేనూ కొట్టడం మానేశాను. కొట్టే అంకె పడితే నేను కూడా చూసీచూడనట్టు రెండోదాన్ని నడిపేదాన్ని. కొట్టనివాళ్లకు ఇంట్లోకి దారి లేదు గనక నావి రెండు, ఆమెవి రెండు ఆ చిల్లుల వెంబడి చుట్టు తిరుగుతూనే ఉన్నాయి. ఆట అయిపోతే కొత్త ఆట మొదలుపెట్టడానికి నాయిన కావాలి. అయిపోనివ్వకుండా ఇద్దరం కాపాడాం. మధ్యమధ్య నేనే ఆమెకు సాయం చేసేదాన్ని. "ఇయ్యాల నాయిన మంచిగ ఆడిండు" అనేదాన్ని. "అవునా" అనేది అమ్మ, తల ఎత్తకుండా. ఆమె లోలోపల సంతోషపడటం నాకు కనబడేది.

ఈమధ్య దాజీ పేట్ వైపు వెళ్లాను. మా గదుల వరస లేదు, దాని చోట బళ్లు నిలిపే ఖాళీ జాగా. సాంచాలు చాలావరకు భంగారుకు, అంటే పాత ఇనుముకు, పోయాయట. గల్లీలో అంత నిశ్శబ్దాన్ని నేనెన్నడూ వినలేదు. నా గొంతు నాకే పెద్దగా వినబడి సిగ్గేసింది. ఆ పలక ఏమైందో కూడా నాకు సరిగ్గా తెలియదు. కొంతకాలం దాని వెనక వైపు అమ్మ రొట్టెలు చరిచింది, ఆ తరువాత ఏ ఇల్లు మారినప్పుడు పోయిందో. ఇప్పుడు నా చేతిలో ఫోను ఉంది, అందులో ఎప్పుడంటే అప్పుడు ఆడేవాళ్లున్నారు. పులి బొమ్మ నన్ను కొడుతుంది, నేను గులాబీ పువ్వును కొడతాను, ఎవరికీ ఏమీ కాదు. అప్పుడు ఎదుటి మనిషి కనబడేవాడు కాదు, కానీ ఆ మనిషి ఎవరో నాకు తెలుసు, నా వంతు కోసం ఆ మనిషి ఆగేవాడు. రోజంతా ఆగేవాడు. ఈ ముగ్గురిలో ఎవరూ నాకోసం ఒక్క నిమిషం కూడా ఆగరు. వాళ్లను తప్పుపట్టను, నేనెవరో వాళ్లకేం తెలుసు? కానీ సాయంత్రాలు పెద్దవిగా ఉన్నాయి, ఎవరైనా నాకోసం ఆగితే బాగుండునని ఉంది. ఈ వయసులో అంత మాట రాసుకోవడానికి నామోషీ ఏమీ లేదు.

ఆ మూడో ఆట ఎలా ముగిసిందో చెప్పాలి. ఒక ఆదివారం యాదగిరి మిస్త్రీ మా గడప దగ్గరికి వచ్చాడు. సాంచాల సామాను తేవడానికి, దూరాన ఉన్న మరో సాంచాల ఊరు భివండికి పోయి వచ్చాడట. నన్ను చూసి, "పోయి చల్లటి నీళ్లు పట్కరా బిడ్డా" అన్నాడు. నేను నీళ్లు తెచ్చేసరికి ఆయన చెప్పాల్సింది చెప్పేశాడు, నీళ్లు తాగకుండానే వెళ్లిపోయాడు. అమ్మ మళ్లీ చాట ముందు కూర్చుంది. చీకటి పడేదాకా బీడీలు చుడుతూనే ఉంది, దీపం పెట్టడం కూడా మరిచిపోయింది. నేనే పెట్టాను.

మర్నాడు సాయంత్రం అత్త ఇంటి నుంచి వచ్చి పలక చూశాను. నా పచ్చ ఖుంటీ ఒకటి దాని చిల్లులో లేదు. బయట, మొదటి చోట పడి ఉంది. దాని చిల్లులో ఎర్ర ఖుంటీ దిగి ఉంది. ఫాసా మీద నాలుగు.

నన్ను కొట్టారు. ఇన్ని నెలల తరువాత నన్ను కొట్టారు! "నాయిన వచ్చిండు!" అని అరిచాను. కొక్కేనికి డబ్బా ఉందేమో చూశాను, గడప అవతల చెప్పులు చూశాను, మడత పెట్టిన బొంత మీద పడి వాసన చూశాను. "ఏడి అమ్మా? మళ్ల పాళీకి పోయిండా? నన్ను కొట్టిండు చూడు!"

అమ్మ చాట కింద పెట్టింది.

"నేను కొట్టిన బిడ్డా."

నేను బొంత మీంచి లేచి ఆమె వైపు తిరిగాను.

"మీ నాయిన భివండిల ఉంటుండు. ఇక్కడ సేటుతోని పడక పోయిండు. పది దినాలల్ల ఉండెతందుకు ఖోలీ చూసుకోని మనల తీస్కపోతనన్నడు. పిల్లకు చెప్పకు, ఏడుస్తది, ఆట నువ్వు నడిపియ్యి అన్నడు. నడిపించిన." ఆమె ఒళ్లోని తంబాకు పొడి దులుపుకుంది. "ఆడ ఇంకో ఇల్లు పెట్టుకున్నడు. మిస్త్రీ కండ్లార చూసి వచ్చిండు. ఇగ రాడు."

"నాకెరికే" అన్నాను.

"ఏం ఎరిక?"

"నువ్వే ఆడుతున్నవని. పల్లినూనె కాడి సంది ఎరిక."

అమ్మ నన్ను చూసింది. మొదట నవ్వింది, ఒళ్లంతా కదిలేలా నవ్వింది. ఆ నవ్వు మధ్యలోనే ఏడుపు వచ్చింది. నేను పోయి ఆమె మీద పడ్డాను, ఇద్దరం తంబాకు పొడిలో కూర్చుని ఏడ్చాం. మిస్త్రీ చెప్పిన మాట కంటే కూడా, ఇన్నాళ్లూ ఒకరికొకరు తెలియనట్టు ఒకే గదిలో తిరిగినందుకే ఎక్కువ ఏడ్చామనుకుంటాను.

"గన్ని దినాల సంది నోరు మూస్కోని ఉన్నవా?" అంది అమ్మ ముక్కు తుడుచుకుంటూ.

"నువ్వు సుత ఉన్నవు గదా."

ఆమె కొంగుతో నా ముఖం తుడిచింది, తన ముఖం తుడుచుకుంది. తరువాత చాటను గోడ వైపు జరిపి, పలకను తెచ్చి మా ఇద్దరి మధ్య నేల మీద పెట్టింది. రేకు డబ్బాలోంచి ఆ నల్ల పేలిక తీసి, గడప దాటి గల్లీలోకి విసిరేసింది.

"గీ ఎర్రవి ఇగ నావి" అంది. "మీ నాయిన వంతు అయిపోయింది. ఇప్పుడు నీ వంతు. వెయ్యి."

ఫాసా చేతిలోకి తీసుకున్నాను. ఆ పలక ముందు ఇద్దరు మనుషులు ఎదురెదురుగా కూర్చోవడం ఆ ఆటలో అదే మొదటిసారి. వేశాను. చప్పుడు చేసుకుంటూ దొర్లి, రెండు దగ్గర ఆగింది. నాకు మిగిలిన ఒక్క పచ్చ ఖుంటీకి సరిగ్గా రెండు చిల్లుల ముందు అమ్మ ఎర్ర ఖుంటీ ఉంది. ఖుంటీని తీశాను గాని పెట్టలేకపోయాను. ఇవాళే ఇంత జరిగింది, ఇవాళే ఆమెను కొట్టడం ఎలా? అమ్మ ముఖం వైపు చూశాను.

"చూస్తవేంది?" అంది అమ్మ. "కొట్టు."